రిబ్బను కింద సుతిలి

నాగప్ప పల్లికాయ సంచి మూతి కుడితే లారీ మీది నుంచి కింద పడేసినా విప్పుకోదు. ముందుకు రెండు కుట్లు, వెనక్కి ఒక కుట్టు. మళ్ళీ ముందుకు రెండు, వెనక్కి ఒకటి. సుతిలి దారాన్ని అలా వెనక్కి తెచ్చి బిగించడం అతనొక్కడి అలవాటు. గద్వాల మార్కెట్ యార్డులో హమాలీలు చీటీ చూడకుండానే "ఇది ధరూర్ దిక్కు నాగప్ప సంచి" అని పక్కకు పెట్టేవాళ్ళు.

కుట్టడంలో అంత గట్టివాడికి దబ్బనంలోకి సుతిలి ఎక్కించడం మాత్రం రాదు. చూపు ఆనదు. ఆ సోమవారం పొద్దున కూడా వాకిట్లో సంచుల నడుమ కూర్చుని, సుతిలి కొసను నోట్లో తడిపి, నలిపి, మళ్ళీ తడిపి తంటాలు పడుతున్నాడు. వాకిలి ఊడుస్తున్న కోడలు మాలతి చూడలేక దగ్గరికొచ్చింది.

"ఇటియ్యి మామా, నేను ఎక్కిస్త."

"వద్దు తల్లీ. వస్తది. నీ పని చూస్కో."

"సంచికొక్కపారి గిట్ల తిప్పలు పడితే పొద్దుమీకుతది."

"పొద్దు నాది, తిప్పలు నావి. నీకేం పోయింది?" అని నవ్వాడు గానీ దబ్బనం చేతికివ్వలేదు.

మాలతి వనపర్తి నుంచి ఆ ఇంటికొచ్చి ఏడాది దాటింది. మామ మంచివాడే. గద్వాల పోతే ఆమె కోసం వేడి మిర్చీలు కట్టించుకొస్తాడు. ఈ ఒక్క పని మాత్రం చెప్పడు. ఎందుకో ఆమెకు అంతు పట్టలేదు. అంతు పట్టని సంగతి ఏదైనా ఉంటే మాలతికి అన్నం సయించదు. వనపర్తిలో ఆరు నెలలు కుట్టుపని నేర్చుకున్న మనిషి. ఎవరైనా ఇంటికొస్తే ముందు వాళ్ళ రవిక కుట్లు చూసి, తర్వాత మొహం చూసే రకం.

అప్పుడే మాలతి పెనిమిటి మధు గడ్డివాము పక్క నుంచి వచ్చాడు. కొత్తగా కొన్న సెల్‌ఫోనుకు ఆ ఊళ్ళో గడ్డివాము దగ్గరే సిగ్నల్ దొరుకుతుంది. వాకిట్లో తండ్రిని చూసి ఏమీ అనకుండా నేరుగా వంటింట్లోకి పోయాడు. మాలతి చీపురు పడేసి వెనకే వెళ్ళింది.

పొయ్యి ముందు రేణుకమ్మ జొన్నరొట్టె చేస్తోంది. మధు తల్లి చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మా, అక్కకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పదిహేను దినాలాయె. వచ్చే ఐతారం ఇరవై ఒక్క దినం, తొట్టెల ఏస్తరంట."

రొట్టె మీద చప్పుడు చేస్తున్న అరచేయి ఆగిపోయింది. పెనం మీద ఉన్న రొట్టె నల్లబడి పొగ లేచింది. రేణుకమ్మ దాన్ని తిప్పలేదు.

"పాలు పడ్డయా?" అంది చివరికి.

"నేను అడుగలే."

"ఏం మగోనివిరా నువ్వు! ముందుగాల గదే అడగాలె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తొలిచూలు పిల్లను బొంతల పండబెట్టాలె..." అంటూ సగంలో మింగేసింది.

"ఏ బొంత అత్తా?" అంది మాలతి.

"ఏం లేదు. రొట్టె మాడింది, బర్రెకు ఎయ్యి పో."

వాకిట్లోంచి నాగప్ప గొంతు వచ్చింది. "ఇంట్ల ఏందో మాడుతున్నది. ఏం సంగతి?"

గోడ ఎంత మందమైనా అలాంటి మాట ఆగదు. బువ్వ తినేటప్పుడు రేణుకమ్మ ధైర్యం చేసి, "ఒక్క పూట గట్టు ఊరికి పోయొస్త" అంది. నాగప్ప గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"మన చేన్ల పల్లికాయ పీకిన సత్యమ్మ ఇంటి గడప తొక్కుతవా? ఆమె వియ్యపురాలు, నువ్వు వియ్యపురాలు, ఇద్దరు ఒక్క మంచం మీద కూసుంటరా? పోయింది పోయింది. ఈ ఇంట్ల నుంచి మనిషి గానీ గుడ్డ పీలిక గానీ ఆ గట్టుకు పోవద్దు."

నాలుగేళ్ళ కింద జరిగిన సంగతి అది. నాగప్ప కూతురు, మధు అక్క జయశ్రీ గద్వాలలో డిగ్రీ చదువుతూ చైతన్యను ఇష్టపడింది. గట్టులో మోటార్ల వైండింగ్ షాపు అతనిది. తండ్రి ఇస్రాయేలు కాలం చేశాడు. తల్లి సత్యమ్మ ఏటా కూలి మంది వెంట వచ్చి నాగప్ప చేలోనే పల్లికాయ పీకేది. ఆ కొడుకును చేసుకుంటానని జయశ్రీ ఇంట్లో చెప్పిన మర్నాడే ఇల్లు దాటింది. రిజిస్టర్ ఆఫీసులో పెండ్లి అయింది. ఆ రోజు నుంచి ఆ పేరు ఆ ఇంట్లో పలికినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం మాలతి మధును పట్టుకుంది.

"బొంత ముచ్చటేందో చెప్పు. చెప్పకపోతే నీకు రాత్రి బువ్వ లేదు."

మధు చెప్పాడు. ఆ ఇంటి ఆడవాళ్ళకు ఒక బొంత ఉంది. కోడలై వచ్చిన ప్రతి మనిషి పుట్టింటి నుంచి ఒక గుడ్డ తెచ్చి దానికి కలపాలి. ఇంటి ఆడపిల్ల ఓణీ వేసుకున్న నాడు ఆ ఓణీలోంచి ఒక ముక్క కలపాలి. కత్తెర పెట్టకూడదు. చేత్తో చింపితే ఎట్లా వస్తే అట్లా, మూలలున్నా వంకరలున్నా సరే, ఆ ముక్కనే అతకాలి. రెండు గుడ్డలు కలిసిన అతుకు మీద ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, చెరో కొస నుంచి రంగుదారాలతో కుట్లు వేసుకుంటూ, పూసలు గుచ్చుకుంటూ నడుమ కలుసుకోవాలి. ఆ ఇంటి ఆడపిల్లలకు, కోడళ్ళకు పుట్టిన తొలి బిడ్డను ఒక్కసారైనా అందులో పండబెడతారు. దాని మీద మగవాళ్ళ చెయ్యి పడకూడదు.

"అమ్మ అది సందూకల పెట్టి నాలుగేండ్లాయె. తియ్యదు. ఎందుకో నాకు తెల్వదు. అప్పుడు నేను వనపర్తి హాస్టల్ల ఉంటి."

మాలతికి ఒక ముడి వీడింది. పెండ్లప్పుడు అత్త చెప్పిందని తల్లి చిలకపచ్చ చీరలోంచి ఒక ముక్క చింపి తెచ్చుకుంది. ఎప్పుడిచ్చినా అత్త "తర్వాత చూద్దాంలే" అనేది. ఆ ముక్క ఏడాదిగా పెట్టెలో అట్లాగే ఉంది. ఇంటికొచ్చినా ఇంట్లో కలవనట్టు లోపల ఒక వెలితి. ఇప్పుడు అర్థమైంది: కొత్త గుడ్డ ఎప్పుడూ ఆఖరి గుడ్డ పక్కనే పడాలి. ఆ ఆఖరి గుడ్డ జయశ్రీది.

మర్నాడు నాగప్ప, మధు సంచులతో యార్డుకు, రేణుకమ్మ కలుపు తీయడానికి చేనుకు పోయారు. మాలతి సందూక పెట్టె మీది విత్తనాల మూట దింపింది. తాళం లేదు. వేపాకు వాసనతో బొంత బయటికొచ్చింది. అరుగు మీద పరిచి ఆమె అక్కడే చతికిలబడింది.

నలుచదరంగా ఒక్క ముక్క లేదు. ఒకటి నాగలి కర్రులా, ఒకటి కొడవలిలా, ఒకటి సగం తిన్న రొట్టెలా. నాగప్ప నాయనమ్మ ముతక చీర, తల్లి తెచ్చిన గద్వాల పట్టంచు, సరిహద్దు అవతల రాయచూరు దిక్కు నుంచి రేణుకమ్మ తెచ్చిన ఇలకల్లు చీర కొంగు. అన్నిటికన్నా వింత వాటి నడుమ అతుకులు. ఒక అతుకు మీద పసుపు దారంతో చేప ముల్లు లాంటి కుట్టు. ఒకదాని మీద నీలం గాజు పూసలు, పూసకూ పూసకూ నడుమ చమ్కీ. తండా ఆడవాళ్ళ దగ్గర జొన్నలకు మార్చుకున్న గవ్వలు ఒకచోట వరసగా ఉన్నాయి. మాలతి వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. ఇక్కడ కుట్టిన మనిషి నిదానస్తురాలు, అన్నీ ఒక్క పొడుగు. ఎదురు కొస నుంచి వచ్చిన మనిషికి తొందర ఎక్కువ, నడుమకు వచ్చేసరికి ఈమె కుట్లు చిన్నవి, ఆమెవి అంగలు. ఇద్దరూ కలిసిన చోట ఒక ఎర్ర పూస. అత్తాకోడళ్ళు కొట్లాడుకుని కుట్టారో, నవ్వుకుంటూ కుట్టారో దారం బిగువును బట్టి తెలిసిపోతోంది.

అంచున రేణుకమ్మ ఇలకల్లు ముక్క పక్కన పసుపు ఓణీ ముక్క ఉంది. తెల్ల పూలు. అదే జయశ్రీదని మాలతి పోల్చుకుంది. దాని అతుకు చూసి ఆమెకు జాలేసింది. పూస లేదు, రంగుదారం లేదు. ముతక దారంతో, బండగా, ఎవరో గోడకు మేకులు కొట్టినట్టు కుట్టారు. చివర నాలుగు వేళ్ళ మేర అసలు కుట్టే లేదు, నోరు తెరుచుకుని ఉంది. కళ్ళు కనబడక అత్త తిప్పలు పడి కుట్టినట్టుంది, పాపం. ఇది చూసి సిగ్గుపడే బొంత తీయడం లేదేమో.

సందూక అడుగున జయశ్రీ బడికి పోయిననాటి ఎర్ర రిబ్బన్లు చుట్ట చుట్టి ఉన్నాయి. మాలతి మనసులో ఆలోచన మెరిసింది. ఈ బండ కుట్టు కనపడకుండా అందంగా చేస్తే అత్త చూసి మురిసిపోతుంది. బొంత తయారుగా ఉంటే గట్టు పంపకుండా మామ ఎన్నాళ్ళు ఆపుతాడు?

మూడు మధ్యాహ్నాలు కూర్చుంది. ఎర్ర రిబ్బనును వేలి వెడల్పున మడత మీద మడత పెట్టి, ముతక దారం పూర్తిగా మునిగేటట్టు అతుకు పొడవునా పరిచింది. రిబ్బనుకు రెండు వైపులా ఆకుపచ్చ దారంతో ఈకల్లాంటి కుట్టు వేసింది. ప్రతి మడతలోనూ ఒక తెల్ల పూస గుచ్చింది. నోరు తెరిచిన చోట రిబ్బనును పువ్వులా ముడిచి మూసేసింది. గురువారం సాయంత్రం దూరం నుంచి చూసుకుంటే ఆమెకే ముద్దొచ్చింది. వనపర్తి కుట్టు సెంటర్లో చూపిస్తే మేడం మెచ్చుకునేది.

చేను నుంచి వచ్చిన రేణుకమ్మ అరుగు మీద బొంతను చూసి తలమీది గంప కింద పడేసింది.

"ఎవరు తియ్యమన్నరు దీన్ని?"

"అత్తా, జర చూడు ముందుగాల..."

"సాకు! చాలు!" కోపమొస్తే ఆమెకు పుట్టింటి కన్నడం వస్తుంది. "సందూక ముట్టొద్దని తెల్వదా? దాన్ని చూడలేకనే కద నేను..." అంటూ బొంతను ముడిచి పారేయబోయి, రిబ్బను చూసి ఆగింది. రిబ్బను పక్కన పసుపు గుడ్డను చూసింది. కూర్చుని దాన్ని వేలితో తడిమింది.

"ఈ గుడ్డ... యాడికెల్లి తెచ్చినవే?"

"తెచ్చుడేంది? గుడ్డ ఉన్నదే కదా. వదినె ఓణీ కాదా?"

"అబద్ధమాడకు. ఈడ బొక్క ఉండాలె."

"బొక్కనా?"

రేణుకమ్మ గుండెలో నాలుగేళ్ళుగా దాచుకున్నది అప్పుడు బయటపడింది. జయశ్రీ పోయిన పొద్దున నాగప్ప సందూక తెరిచి, ఆడవాళ్ళ బొంత అని కూడా చూడకుండా, రెండు కాళ్ళతో తొక్కిపట్టి ఆ పసుపు ముక్కను పీకి బర్రెల కొట్టంలో పడేశాడు. ఆమె కళ్ళ ముందే. ఆ బొక్కను చూడలేక రేణుకమ్మ బొంతను మడిచి సందూకలో పెట్టి దాని మీద విత్తనాల మూట ఎత్తి పెట్టింది. మళ్ళీ తెరవలేదు.

"నువ్వు వేరే గుడ్డ తెచ్చి అతికినవు. నన్ను సముదాయించనీకె" అంది.

"నా తల్లి మీద ఒట్టు అత్తా, నేను పైన రిబ్బను, పూసలే పెట్టిన. గుడ్డ ముందే కుట్టి ఉండె. ముతక దారంతోని. నువ్వే కుట్టినవేమో అనుకున్న."

"ఏం దారం?"

"గదే... సుతిలి లెక్క."

రేణుకమ్మ గొంతు తగ్గించి, "విప్పు" అంది.

మూడు మధ్యాహ్నాల పనిని మాలతి తన చేత్తోనే ఊడదీసింది. పూసలు అరుగు మీద ఒక్కొక్కటే దొర్లాయి. రిబ్బను లేచేకొద్దీ కింద సుతిలి బయటపడింది. ముందుకు రెండు కుట్లు, వెనక్కి ఒకటి. ముందుకు రెండు, వెనక్కి ఒకటి.

అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒక్కసారే తల తిప్పి వాకిట్లో గోడకు ఆనించి ఉన్న పల్లికాయ సంచుల వైపు చూశారు.

మాలతికి తన మీద తనకే కోపం వచ్చింది. ఊరందరి రవికల కుట్లు పోల్చే తాను రోజూ వాకిట్లో చూసే కుట్టును పోల్చలేదు. ఆడవాళ్ళ బొంతలో మగవాడి చెయ్యి ఉంటుందని తలపుకే రాలేదు. పైగా తానే దాన్ని రిబ్బను కింద పూడ్చిపెట్టింది.

పొద్దు వాలుతుండగా నాగప్ప బర్రెలను తోలుకొచ్చాడు. మధు వెనకే ఉన్నాడు. వాకిట్లో రేణుకమ్మ పల్లికాయ సంచి మీద బొంత పరిచి, పక్కన నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఈ సంచి ఎవరు కుట్టిన్రు?"

నాగప్ప చూశాడు. మొహం ఎర్రబడింది. "సందూక ఎవరు తీసిన్రు?"

"అది తర్వాత ముచ్చట. ఎవరు కుట్టిన్రో చెప్పు. యార్డుల హమాలీలను పిలిచి అడగమంటవా?"

"నన్ను పరేషాన్ చెయ్యకు."

"నాలుగేండ్ల సంది పరేషాన్ అయింది ఎవరు? పీకింది నువ్వు. నా కళ్ళ ముందల పీకినవు. మళ్ళ ఎప్పుడు కుట్టినవు?"

బర్రె తనంతట తానే కొట్టంలోకి పోయింది. నాగప్ప తలరుమాలు తీసి మొహం తుడుచుకుని, సంచి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"తెల్లారి కొట్టంలకు పోతే బర్రె తొక్కి ఉండె గుడ్డను. పేడ అంటింది." తలరుమాలు ఒళ్ళో మడిచాడు. "బిడ్డ ఓణీ ఏసుకున్న నాడు దాన్ని చూసి ఊరంత పాలకోవా పంచితి. గట్ల చూడలేకపోయిన. కడిగి చేన్ల ఆరేసిన. నువ్వు కల్లానికి పోయిన దినం తెచ్చి కుట్టిన. నాకు వచ్చింది గదొక్క కుట్టే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? చింపినోడినే కుట్టిన అని చెప్పాల్నా? నువ్వు సందూక తీస్తవు, చూస్తవు, నన్ను అడుగుతవు, అప్పుడు బిడ్డ ముచ్చట వస్తది అనుకున్న. ఏడాది చూసిన. నువ్వు తియ్యనే లేదు. నీకే కోపం దిగలేదనుకున్న."

"బొక్క చూడలేక నేను తియ్యలే" అంది రేణుకమ్మ. మాట పూర్తి కాకుండానే ఏడుపు వచ్చింది. "నువ్వు గిట్ల కుట్టి పెట్టినవని తెలిస్తే ఆ దినమే గట్టు పోతుంటి. నాలుగేండ్లు, ముసలోడా! నాలుగేండ్లు ఒక్క ఇంట్ల ఉండి!"

నాగప్ప పౌరుషం ఇంకా చావలేదు. "అయితే ఏంది? సత్యమ్మ ఇంటికి పోయి నేను ఏమని కూసోవాలె? ఆమెకు కూలి పోసిన మనిషిని."

"సత్యమ్మ పీకిన పల్లికాయనే కద నువ్వు సంచిల పోసి కుట్టింది? పీకిన చెయ్యి తప్పు, అమ్ముకున్న చెయ్యి ఒప్పా?"

మధు నెమ్మదిగా అందుకున్నాడు. "నాయినా, ఇంకొక మాట. మన బోరు మోటరు..."

"తెలుసులే" అన్నాడు నాగప్ప విసుక్కుంటూ. "ఇంతకుముందు ఏడాదికి రెండుపార్లు కాలుతుండె. నువ్వు చుట్టించుకొచ్చినంక మూడేండ్లాయె, కాలలే. ఎవరు చుట్టిండో నాకు తెల్వదనుకున్నవా?"

మాలతికి నవ్వు ఆగలేదు. రేణుకమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాగప్ప మాత్రం నవ్వలేదు, వస్తానని కూడా అనలేదు. లేచి బర్రెకు గడ్డి వేయడానికి పోయాడు.

ఆదివారం పొద్దున షేర్ ఆటో వచ్చేసరికి అందరికన్నా ముందు ముందుసీటులో కూర్చున్నది అతనే. కొత్త అంగీ, తలరుమాలు. "ఏం చూస్తున్నరు? ఎక్కుండ్రి" అన్నాడు.

గట్టులో చైతన్య ఇల్లు షాపు వెనకే ఉంది. రెండు గదులు, ముందు రేకుల పందిరి. ప్రార్థన అయిపోయి చుట్టాలు భోజనాలకు కూర్చుంటున్నారు. నాగప్ప పందిరి గుంజ దగ్గరే ఆగిపోయాడు. సత్యమ్మ బయటికొచ్చి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఏం నాగప్పన్నా, పల్లికాయ పీకనీకె మనుషులు గావాల్నా?"

చైతన్య "అమ్మా" అని ఆపబోయాడు.

"లేదు సత్యమ్మా" అన్నాడు నాగప్ప. "బిడ్డను చూడనీకె వచ్చిన. నువ్వు సరే అంటే."

సత్యమ్మ లోపలికి పోయి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "నీ చేన్ల నాకు దోసిట్ల పోస్తుంటివి, పై నుంచి. నేనైతే చెంబే ఇస్తున్న."

నాగప్ప రెండు చేతులతో చెంబు అందుకుని, పెదవులకు ఆనించి, చివరి గుక్క దాకా తాగాడు. "ఇంక కొన్ని పొయ్యి" అన్నాడు. సత్యమ్మ మొహంలో బిగువు సడలింది. "ఎండకు వచ్చినవు, కూసో" అంటూ మంచం వాల్చింది.

లోపల రేణుకమ్మ కూతురి చెయ్యి పట్టుకుని అడిగిన మొదటి మాట ఒకటే. "పాలు పడ్డయా బిడ్డా?"

జయశ్రీ ఏడుస్తూనే తల ఊపింది. రేణుకమ్మ మనుమరాలిని ఒళ్ళోకి తీసుకుంది. మాలతి బొంత పరిచింది. పసుపు ముక్కకు రెండో పక్కన తన చిలకపచ్చ గుడ్డను దారంతో పైపైన అతికి తెచ్చింది.

"వదినె, నేను మాలతిని. ఈ అతుకు మనిద్దరిది. ఏడాది సంది నీ కోసమే ఆగిన. ఆ కొస నీది, ఈ కొస నాది" అంటూ రిబ్బన్లు, పూసలు, రంగుదారాలు ముందు పోసింది.

జయశ్రీ వినడం లేదు. పసుపు ముక్క అవతలి అంచు మీద ఆమె వేలు నడుస్తోంది. ముందుకు రెండు, వెనక్కి ఒకటి. తన గుడ్డకు ఏం జరిగిందో తమ్ముడు ఫోనులో చెప్పాడు గానీ, ఆ కుట్టు సంగతి మాలతి చెప్పవద్దంది. చిన్నప్పటి నుంచి ప్రతి సంచికీ దబ్బనంలోకి సుతిలి ఎక్కించి ఇచ్చింది జయశ్రీనే. ఆ కుట్టును ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

వేలు చివరికొచ్చి, నాలుగు వేళ్ళ మేర కుట్టు లేని చోట ఆగింది.

"ఇది సగమే కుట్టిండెందుకు?"

"దారం అయిపోయింది" అని గడప అవతల నుంచి నాగప్ప గొంతు వచ్చింది. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. "మళ్ళ ఎక్కిచ్చనీకె నాకు రాలే. ఎక్కిచ్చి ఇచ్చేది నువ్వే కద."

అత్తింటికొచ్చిన నాటి నుంచి తనను తొలుస్తున్న ప్రశ్నకు మాలతికి జవాబు దొరికింది. మామ దబ్బనాన్ని ఎవరి చేతికీ ఎందుకివ్వలేదో తెలిసింది.

"దీని మీద రిబ్బను పెడ్దామా వదినె?" అంది మెల్లగా.

"వద్దు. మన అతుకు మీద రిబ్బన్లు, పూసలు, గవ్వలు అన్నీ పెడ్దాం. దీని మీద మాత్రం ఏం పెట్టొద్దు. నా బిడ్డ చూడాలె." జయశ్రీ కళ్ళు తుడుచుకుని గడప వైపు చెయ్యి చాచింది. "నాయినా, దబ్బనం తెచ్చినవా?"

నాగప్ప తలరుమాలు మడతలోంచి దబ్బనం తీశాడు. అంగీ జేబులోంచి సుతిలి ఉండ తీశాడు. జయశ్రీ కొసను రెండు వేళ్ళ నడుమ ఒక్కసారి నులిమి, దబ్బనంలోకి ఎక్కించేసింది.

"ఇగో. కుట్టు."

"ఆడోళ్ళ బొంత..." అని నసిగాడు.

"ఒకపారి ముట్టినవు కద. మిగిలింది ఎవరు కుడ్తరు?" అంది రేణుకమ్మ.

నాగప్ప గడప దాటి వచ్చి బొంత అంచున కూర్చున్నాడు. ముందుకు రెండు కుట్లు వేశాడు. వెనక్కి రాబోయేసరికి కళ్ళు నిండి చోటు ఆనలేదు. జయశ్రీ అతని వేలు పట్టుకుని, దబ్బనం దిగాల్సిన చోట పెట్టింది.